స్వలింగానురాగ చిత్రములు: శ్రీధర్ రంగాయన్ గారి నిర్మాణదృష్టి

నాటకమునకు సూత్రధారుడెట్టివాడో చలనచిత్రమునకు నిర్మాత యట్టివాడు. కథకుడు కథ వ్రాయవచ్చును, నటుడు నటింపవచ్చును. కాని యే కథ తెరకెక్కదగినదో, ఏది వ్రాతప్రతిగనే మిగిలిపోదగినదో నిర్ణయించువాడు నిర్మాత. కావున చలనచిత్రములలో నొక విషయము కానరాకుండుటకు హేతువు వెదకువారు కథకులను మాత్రమే ప్రశ్నించినచో విచారణ సగముతో నిలిచిపోవును. పెద్ద సంస్థల యండను గాని, పంపిణీదారుల బయానాను గాని కోరక, చిన్న మొత్తములను కూడగట్టుకొని, తాను నమ్మిన విషయమును తీయువానికి స్వతంత్రనిర్మాత యని పేరు. అట్టివారిలో స్వలింగానురాగమునే జీవితవిషయముగా స్వీకరించిన శ్రీ శ్రీధర్ రంగాయన్ గారి కృషి విమర్శకుల పరిశీలనకు తగియున్నది. వీరు కన్నడదేశీయులు, ముంబయిలో స్థిరపడి, ప్రధానముగా హిందీలో చిత్రములు తీసినవారు. ఐనను వీరి కృషిని ఆంధ్రులు, అందును గుంటూరు, ప్రకాశము మండలములవారు తెలిసికొనుటకు ప్రత్యేకకారణము కలదు.

ప్రత్తియు మిరపయు పండు ఈ మైదానము ఆంధ్ర రంగస్థలమునకును, చలనచిత్రమునకును పుట్టినిల్లు వంటిది. విజయా సంస్థ నిర్మాతలలో నొకరైన చక్రపాణి గారు తెనాలివారు. మహానటి సావిత్రి చిర్రావూరు ఆడపడుచు. జగ్గయ్య, గుమ్మడి మొదలగు నటులు తెనాలి చుట్టుపట్ల గ్రామములవారే. ప్రకాశము మండలమునకు చెందిన మాదాల రంగారావు గారు తామే నటులును నిర్మాతలునై 'యువతరం కదిలింది' (1980), 'ఎర్రమల్లెలు' (1981) అను చిత్రములను శ్రామికపక్షమున తీసిరి. ఈ మైదానమునకు పొరుగున కృష్ణామండలమున జన్మించిన గూడవల్లి రామబ్రహ్మము గారు 1938లోనే 'మాలపిల్ల'ను తీసి, బ్రాహ్మణయువకునకును హరిజనయువతికిని గల ప్రేమను ప్రజలయెదుట నిలిపిరి. ఆ కథ చలము గారిది. దీనింబట్టి చూడగా తెలుగు నిర్మాత స్వభావముచే పిరికివాడు కాడు. కులమను గడపను దాటెను. కూలియు భూమియు నను గడపలను దాటెను. కాని పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని ప్రేమించుట యను విషయము మాత్రము చిరకాలము తెలుగుతెరపై పరిహాసముగనే తప్ప కానరాలేదు. ఇక్కడివారు తాకని యీ విషయమును పొరుగుదేశమువాడొకడు ఇరువది యేండ్లకు మించి విడువక పట్టుకొనుటచేతనే ఆయన కృషి ఆంధ్రులకు విచార్యమగుచున్నది.

ముందుగా శబ్దవిచారము కొంత యవసరము. తెలుగు పత్రికలలో నీ విషయమునకు వాడబడు మాట 'స్వలింగసంపర్కము'. సంపర్కమనగా తాకుడు, కలయిక. స్త్రీపురుషుల ప్రేమనుగూర్చి వ్రాయునపుడు 'భిన్నలింగసంపర్కము' అని యెవ్వరును వ్రాయరు. ప్రణయమందురు, అనురాగమందురు, దాంపత్యమందురు. ఒక పక్షమునకు మనస్సును, రెండవ పక్షమునకు శరీరమును మాత్రమే ఇచ్చు మాట తీర్పును ముందుగనే చెప్పివేయుచున్నది. 'సజాతీయ' మను పదమును గ్రహింతమన్నచో ఈ దేశమున జాతియనగానే కులము స్ఫురించును. అందుచే స్వలింగానురాగమను పదమే యిందు గ్రహింపబడినది.

శబ్దము తరువాత విషయవిభాగము. వేషము, ప్రకృతి, అనురాగము అను మూడును వేర్వేరు వస్తువులు. విరాటుని కొలువులో అర్జునుడు బృహన్నలయై యుండుట తిక్కన సోమయాజి మూలమున ఆంధ్రులకెల్ల పరిచితము. 1963 నాటి 'నర్తనశాల'లో నందమూరి తారక రామారావు గారు ఆ పాత్రను ధరించిరి. అట్లే బాపట్లలో 1902లో జన్మించిన స్థానము నరసింహారావు గారు తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలముపై సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా నటించి, స్త్రీపాత్రాభినయమునకు పర్యాయపదముగా నిలిచి, 1956లో పద్మశ్రీ బిరుదము పొందిరి. ఈ రెండింటిలో మొదటిది కథలోని యజ్ఞాతవాసవేషము, రెండవది నటుని కళ. పురుషుడని పిలువబడియు స్త్రీగా జీవించువారిది ప్రకృతివిషయము. వాత్స్యాయనుడు తృతీయాప్రకృతి యని పేర్కొని, స్త్రీరూపిణి, పురుషరూపిణి యని దానిని రెండుగా విభజించెను. భారత సర్వోన్నత న్యాయస్థానము 2014లో అట్టివారి గుర్తింపునకు చట్టబలము కల్పించెను. వేషమందు గాని, ప్రకృతియందు గాని యే భేదమును లేకయే ఒక పురుషుని హృదయము మరియొక పురుషునియందు లగ్నమగుట అనురాగవిషయము. మన మైదానము మొదటిదానిని నెత్తిన పెట్టుకొన్నది, రెండవదానిని వీథిలో చూచి తప్పించుకొన్నది, మూడవదానికి పేరైనను పెట్టలేదు. తెలుగు హాస్యచిత్రములు ఈ మూడింటిని ఒక్క మూటగా కట్టి, నడకలో వంపును, కంఠములో సన్నదనమును చూపి, 'ఆడంగి' యను నొక్కమాటతో మూడింటిని వెక్కిరించినవి. స్థానము వారి నడకకు చప్పట్లు కొట్టిన ప్రేక్షకుల మనుమలే యీ వెక్కిరింతకును నవ్విరి. ఈ సంకరమును విప్పుటయే యీ విషయమున చిత్రనిర్మాత చేయవలసిన మొదటి పని. రంగాయన్ గారి చిత్రములను వరుసగా చూచినచో ఆ విప్పుట క్రమక్రమముగా జరిగినట్లు కానవచ్చును.

ఆ కృషి యే పరిస్థితులలో సాగెనో తెలియుటకు న్యాయచరిత్రమును రెండుమాటలలో చెప్పవలసియున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను స్వలింగానురాగుల కలయికను నేరముగా నెంచుచుండెను. 2009 జూలై 2వ తేదీన ఢిల్లీ హైకోర్టు, పరస్పరసమ్మతిగల పెద్దల విషయమున ఆ సెక్షను చెల్లదనెను. 2013 డిసెంబరు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చెను. 2018 సెప్టెంబరు 6వ తేదీన అదే న్యాయస్థానము ఐదుగురు న్యాయమూర్తుల పీఠముచే, అది నేరము కాదని తీర్చెను. 2023 అక్టోబరు 17వ తేదీన ఇచ్చిన మరియొక తీర్పులో స్వలింగ వివాహమునకు గుర్తింపు నిరాకరింపబడినది. 2024 జూలైలో పాత శిక్షాస్మృతియే తొలగి క్రొత్త న్యాయసంహిత వచ్చినది. ఆ సెక్షను అందు లేదు. అనగా నీ నిర్మాత వృత్తిలో మొదటి పదునైదేండ్లకు పైబడిన కాలము, ఢిల్లీ తీర్పు నిలిచిన నాలుగేండ్లు తప్ప, ఆయన చిత్రించిన మనుష్యులు చట్టము దృష్టిలో నేరస్థులుగా నుండిరి.

రంగాయన్ గారు 2001లో సోలారిస్ పిక్చర్స్ అను స్వల్పసంస్థను స్థాపించిరి. రచనయందును, నిర్మాణమందును సాగర్ గుప్తా గారు వీరికి సహచరులు. 2003లో వచ్చిన 'గులాబీ ఆయినా' యను లఘుచిత్రము వీరి మొదటి పేర్కొనదగిన రచన. స్త్రీవేషధారులైన బిబ్బో, షబ్బో యను ఇరువురును, ఆధునికవేషభాషలుగల యొక యువకుడును, ఒకే సుందరపురుషునికై పోటీపడుట అందలి యితివృత్తము. సెన్సారు మండలివారు ఆ చిత్రమునకు ధ్రువపత్రమీయ నిరాకరించిరి. పునర్విచారణకై చేసిన యత్నములును ఫలింపలేదు. విదేశములలో ఉత్సవములందు ప్రదర్శింపబడిన యా చిత్రము స్వదేశమున థియేటరు ముఖము చూడలేదు.

నిష్పక్షపాతముగా చూడగా 'గులాబీ ఆయినా' యందు పైని చెప్పిన సంకరము పూర్తిగా విడిపోలేదు. వేషము, ప్రకృతి, అనురాగము మూడును అందు ఒకే గదిలో కలిసిమెలసి యున్నవి. ఐనను దానికిని, వెక్కిరింతచిత్రములకును ముఖ్యభేదమొకటి కలదు. వెక్కిరింతచిత్రములో హాస్యమునకు ఆలంబనము స్వలింగానురాగి, నవ్వువాడు వెలుపలివాడు. ఇందు నవ్వువారును నవ్వింపబడువారును ఆ పాత్రలే. తమలో తాము ఆడుకొను సరసములు, ఎత్తిపొడుపులు, పైకి కలహముగా కనబడు లోపలి వాత్సల్యము వారి సొత్తు. హాస్యమునకు ఆశ్రయము మారినచో దాని రుచియు మారునని యీ చిన్నచిత్రము నిరూపించుచున్నది. సెన్సారు మండలివారి నిరాకరణమునకు అందలి మాటల మోటుదనము కారణమని చెప్పవచ్చును. కాని యంతకన్న మోటుమాటలు వెక్కిరింతగా వచ్చినపుడు ధ్రువపత్రము పొందినవి గదా! ఎవరిని చూచి నవ్వుటయో యనుటయందు గాక, ఎవరు నవ్వుచున్నారనుటయందే మండలివారికి చిక్కు కలిగినట్లున్నది.

తరువాతి చిత్రములలో వీరి దృష్టి విశాలమగుచు వచ్చెను. 'యువర్స్ ఎమోషనల్లీ' (2006) దేశాంతరమునుండి వచ్చిన యువకుని ప్రణయకథ. '68 పేజెస్' (2007) హెచ్.ఐ.వి. సోకినవారికి సలహాలు చెప్పు నొక స్త్రీ దినచర్యపుస్తకముగా నడచును. వ్యాధిని పాపఫలముగా గాక మనుష్యుని కష్టముగా చూచుట దాని గుణము, కథలు పలువురివగుటచే ఏ యొక్కరి హృదయమును పూర్తిగా తెరువలేకపోవుట దాని లోపము. 'పర్పుల్ స్కైస్' (2014), 'బ్రేకింగ్ ఫ్రీ' (2015) యనునవి వాస్తవచిత్రములు. మొదటిది స్త్రీలను ప్రేమించు స్త్రీల మొదలగువారి జీవితములను, రెండవది 377వ సెక్షను క్రింద నలిగినవారి యనుభవములను వారి నోటనే చెప్పించుచున్నది. 'బ్రేకింగ్ ఫ్రీ' కూర్పునకు ప్రవీణ్ ఆంగ్రే గారికిని, రంగాయన్ గారికిని జాతీయపురస్కారము లభించినది. ఒకనాడు ధ్రువపత్రమునే నిరాకరించిన ప్రభుత్వము మరియొకనాడు పతకమిచ్చుట గమనింపదగియున్నది. రంగాయన్ గారి విషయము మారలేదు. వారు చెప్పు తీరును, వినువారి చెవియు మారినవి.

నిర్మాతగా వీరి యభిప్రాయములను చిత్రములకన్న స్పష్టముగా తెలుపునది 2010లో వీరి యాధ్వర్యవమున ముంబయిలో నారంభమైన 'కశిశ్' చిత్రోత్సవము. కశిశ్ అనగా ఉర్దూలో ఆకర్షణము. ఇట్టి చిత్రములను అంతవరకు మిత్రమండలులలో, చిన్నగదులలో తలుపులు మూసికొని చూచుకొనుట వాడుక. కశిశ్ వానిని పదిమందియు వచ్చు థియేటరునకు తెచ్చెను. ఈ పనియందు మూడు సిద్ధాంతములు గర్భితములై యున్నవి. మొదటిది, ఈ చిత్రములు ఆ వర్గమువారికి మాత్రమే గాక వారి తలిదండ్రులకు, ఇరుగుపొరుగువారికి నుద్దేశింపబడినవనుట. రెండవది, కథ చెప్పువాడు లోపలివాడు కావలెననుట. వెలుపలివాడు చెప్పరాదని కాదు, లోపలివాని మాట ముందుగా వినబడవలెనని. మూడవది, చిత్రము తీయుటతో నిర్మాత పని ముగియదనుట. చూపుటకు స్థలము లేనిచోట స్థలమును కల్పించుటయు నిర్మాణమే. తెనాలిలో సభలు స్థాపించి నాటకములాడిన పెద్దలకు ఈ మూడవ సిద్ధాంతము క్రొత్తది కాదు.

ఈ సిద్ధాంతములకు ఫలమనదగినది 'ఈవెనింగ్ షాడోస్'. పలువురి చందాలతో నిర్మితమై, 2018లో ఉత్సవములందు ప్రదర్శింపబడి, 2019 జనవరిలో భారతదేశమున థియేటరులకు వచ్చిన యీ చిత్రమునకు కథాస్థలము దక్షిణదేశమున నొక చిన్నయూరు. ముంబయిలో నుండు కార్తీక్ ఇంటికి వచ్చును. పెద్దలు పెండ్లిమాట లెత్తుదురు. అతడు తల్లియైన వసుధతో తన హృదయమును విప్పి చెప్పును. అక్కడినుండి కథ కుమారునిది కాక తల్లిదగును. చెప్పుకొనుటకు కుమారునికి తల్లియైన నున్నది. ఆ తల్లికి చెప్పుకొనుటకెవ్వరును లేరు. భర్త దామోదరుడు కఠినుడు, ఇంట తన మాటయే వేదమని తలచువాడు. కుమారుని మాట విన్నతరువాత వసుధ పరీక్షింపవలసినది కుమారుని కాదు, తన సంసారమును. ఇన్నియేండ్లు ఎవరి మాటను ధర్మమని నమ్మితినను ప్రశ్న ఆమెకు మొదటిసారి కలుగును. మోనా అంబేగావ్కర్ గారు ఈ పాత్రను మితభాషిణిగా నభినయించిరి. పేర్లయందును ధ్వని కలదు. వసుధ భూమి, సహనమునకు తావు. దామోదరుడు తల్లిచే త్రాట కట్టబడిన బాలుడు. ఇందలి దామోదరుడు ఇంటివారినెల్ల కట్టువాడు. నిర్మాత యిది యుద్దేశించినను లేకున్నను సహృదయునకు స్ఫురింపక మానదు.

ఈ చిత్రమున వేషము లేదు, ప్రకృతిభేదము లేదు. అనురాగము మాత్రమే మిగిలినది. దానిని పెట్టిన చోటు నాటకశాల కాదు, విలాసగృహము కాదు, వంటయిల్లు, పూజగది. సంకరము విడిపోయినదనుటకు ఇదియే నిదర్శనము. లోపములును లేకపోలేదు. దామోదరుని పాత్ర ఒకేవన్నెతో చిత్రింపబడినది. తండ్రి కోపము వెనుకనుండు భయము, లోకాపవాదభీతి చాలినంతగా కానరాదు. కార్తీక్ మిక్కిలి నిర్దోషిగా నుండుటచే అతనియందు సానుభూతి కలుగును గాని జిజ్ఞాస కలుగదు. కొన్నిచోట్ల సంభాషణము ఉపన్యాసమగుచున్నది. ప్రయోజనమును ముందుంచుకొని వ్రాయబడిన కావ్యములకెల్ల నిది సామాన్యదోషము. 'మాలపిల్ల' కాలపు సంస్కరణచిత్రములును దీనినుండి తప్పించుకొనలేదు. ఐనను తల్లి మౌనముగా నుండు ఘట్టములలో చిత్రము తన దోషమును తానే దాటిపోవుచున్నది.

ఇచట పండితులు ఒక పూర్వపక్షము చేయవచ్చును: ఇట్టి రతి శృంగారము కాదు, రసాభాసము, ఔచిత్యభంగమునకు మించిన రసభంగకారణము లేదని ధ్వనికారమతము, కావున నిట్టి చిత్రము లోకమున కేమి చేసినను కావ్యము కానేరదు, అని. ఈ యాక్షేపము విచారింపదగినది. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు శృంగారమందు అనౌచిత్యమునకు స్థానములను లెక్కించెను. ఉపనాయకగతమైనది, మునిగురుపత్నీగతమైనది, బహునాయకవిషయమైనది, ఉభయనిష్ఠము కానిది, ప్రతినాయకనిష్ఠమైనది, అధమపాత్రగతమైనది, తిర్యగాదిగతమైనది యని. స్వలింగానురాగము పేరుతో నిందు చెప్పబడలేదు. చెప్పకపోవుట అంగీకారమని వాదించుట తగదు. కడపటి 'ఆది' శబ్దముచే దానిని గ్రహింపవచ్చునని ప్రతివాది యనవచ్చును. కాని పట్టికకు మూలమైన సూత్రమేది? విశ్వాసఘాతము, గౌరవాతిక్రమము, చాంచల్యము, ఏకపక్షత. ఈ దోషములు ఏ ప్రణయమున నున్నను అది యాభాసమే. లేనిచోట నాభాసమనుటకు వేరు హేతువు చూపవలసియుండును. మరియు ఆభాసమైనది రసమగునా కాదా యనుటయందే మతభేదము కలదు. ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరమున రెండు మతములను చర్చించెను. కావున ఆభాసశబ్దమును పలికినంతమాత్రమున విచారణ ముగియదు.

ఇంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఉభయనిష్ఠము కాని రతి యాభాసమని శాస్త్రము చెప్పుచున్నది గదా! మనస్సు మరియొకచోట లగ్నమైన యువకునకు పెద్దలు బలవంతముగా నొక కన్యను కట్టబెట్టినచో ఆ దాంపత్యమేమగును? కట్నములు, కానుకలు, పందిళ్లు, మేళములు నుండవచ్చును, ఉభయనిష్ఠత్వము మాత్రముండదు. శాస్త్రదృష్టిచే నిజమైన యాభాసము ఆ పెండ్లియే. వసుధ యింట పెండ్లిమాట లెత్తినపుడు ప్రేక్షకుడు భయపడవలసినది కుమారునికొరకు మాత్రమే కాదు, ఏ పాపము నెరుగని యా కన్యకొరకును. గుంటూరు పల్లెలలో నైనను, ఒంగోలు పల్లెలలో నైనను ఇట్టి పెండ్లి జరిగినపుడు దుఃఖభారమును జీవితమంతయు మోయునది ఆమెయే; కాని కథలలో నామెకు మాట లేదు. రంగాయన్ గారు తల్లికి మాట నిచ్చిరి. భార్యకు మాట నిచ్చిన చిత్రము మలయాళమున 2023లో వచ్చిన 'కాదల్'. జియో బేబీ గారి దర్శకత్వమున, నటులైన మమ్ముట్టి గారు స్వయముగా నిర్మించి, నాయకపాత్రను ధరించిరి. ఊరిలో గౌరవముగల మాథ్యూ యను గృహస్థు పంచాయతీ ఉపయెన్నికలో నిలుచుండగా, భార్య ఓమన విడాకులకై న్యాయస్థానమున కేగును. ఆమె కోరునది పగ కాదు, ఇరువురికిని విముక్తి. ఉభయనిష్ఠము కాని దాంపత్యమే యాభాసమను సూత్రమునకు ఆ చిత్రము నిండు వ్యాఖ్యానము.

తెలుగున దీనికి దగ్గరగా వచ్చిన నిర్మాణమేది యని వెదకినచో 2018 ఫిబ్రవరిలో విడుదలయిన 'అ!' కానవచ్చును. నటులైన నాని గారు తమ వాల్ పోస్టర్ సినిమా సంస్థ పేర నిర్మింపగా, ప్రశాంత్ వర్మ గారు దర్శకత్వము వహించిరి. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పునకు ఆరుమాసములకు పైగా ముందే, తెలుగుతెరపై ఇరువురు స్త్రీల ప్రేమను వెక్కిరింత లేక చూపిన ధైర్యము ఆ నిర్మాతది. రాధ తన తలిదండ్రులను తాను వలచిన 'క్రిష్'తో కలుపును; వారు పురుషుని కొరకు ఎదురుచూచుచుందురు, వచ్చినది స్త్రీ. రాధాకృష్ణుల పేర్లను ఇరువురు స్త్రీలకు పెట్టుటయందలి శ్లేష రమ్యమైనది. ఆ ఘట్టమందలి సంభాషణమును నిత్యా మీనన్, ఈషా రెబ్బా గారలు సహజముగా నిర్వహించిరి. కాని చిత్రాంతమున తెలియవచ్చునదేమనగా, ఈ పాత్రలన్నియు గాయపడిన యొక స్త్రీ మనస్సులోని ఖండములే. ఆ స్త్రీ తన్ను తాను అంతము చేసికొనుటయే కథకు ముగింపు. ఇట్లు చట్రము మారగానే లోపలి చిత్రము రంగు మారుచున్నది. రాధాక్రిష్‌ల ప్రేమ ప్రేమగా నారంభమై రోగలక్షణముగా ముగియుచున్నది. దర్శకుని యుద్దేశము అది కాకపోవచ్చును. కావ్యమున ఫలితార్థము ఉద్దేశమునకు లోబడి యుండదు. ఆ ప్రేమకు స్వప్నమునందు తప్ప ఇల్లు లేదు. 'ఈవెనింగ్ షాడోస్' ఆధిక్యమంతయు నిందే యున్నది: అందలి ప్రేమకు ఇల్లున్నది, ఆ యింటికి తల్లి యున్నది.

మన ప్రాంతపు ప్రేక్షకులు ఇట్టివి చూడరని తుది యాక్షేపము. ప్రేక్షకుడు చూడడనుట నిర్మాతకు తేలికగా దొరకు సాకు. హరిజనకన్యను నాయికగా తెరకెక్కించినపుడును ఇట్టి మాటలకు లోటు లేదు. 'మాలపిల్ల' విశేషముగా నాదరింపబడినది. మరియు నిట్టి విషయము దూరదేశపు గోష్ఠి కాదనుటకు పాఠశాలలవారికి తగిన నిదర్శనమొకటి కలదు. హన్సల్ మెహతా గారి 'అలీగఢ్' యను చిత్రమునకు మూలమైన శ్రీనివాస రామచంద్ర సిరాస్ గారు మరాఠీ భాషాచార్యులు, కవి. 2010లో వారి గృహములోనికి చొరబడి తీసిన చిత్రములు ఆధారముగా విశ్వవిద్యాలయము వారిని ఉద్యోగమునుండి తాత్కాలికముగా తొలగించెను. ఆ ఏప్రిలులో అలహాబాదు హైకోర్టు వారికనుకూలముగా తీర్పిచ్చిన కొలదిదినములకే వారు మృతులై కనబడిరి. భాష నేర్పిన యుపాధ్యాయునికి తన బాధను చెప్పుకొనుటకు భాష దొరకలేదు. ఆ కొరత న్యాయస్థానముచే తీరదు. కథలచేతను, చిత్రములచేతను తీరవలసినది.

మొత్తముమీద రంగాయన్ గారి చిత్రములు శిల్పమున సమానములు కావు. కొన్ని సాధారణములు, ఒకటి రెండు మాత్రము చిరకాలము నిలువదగినవి. నిర్మాతగా వారి దారి మాత్రము స్పష్టము. వెక్కిరింతనుండి ఆత్మహాస్యమునకు, ఆత్మహాస్యమునుండి సాక్ష్యమునకు, సాక్ష్యమునుండి గృహకథకు వారు ఈ విషయమును నడిపించిరి. ఆంధ్రనిర్మాత మరల మొదటినుండి నడువనక్కరలేదు, గృహకథతోనే యారంభింపవచ్చును. అందులకు పెద్ద సెట్టింగులు వలదు. మిరపకల్లములు గల యొక యూరు, పెండ్లిచూపులకు సిద్ధమైన యొక యిల్లు, మాట దాచుకొన్న యొక కుమారుడు, ఏమియు నెరుగని యొక కన్య చాలును. వసుధ హిందీలో పలికినది. ఆమె స్థానమున గుంటూరుసీమ తల్లి యుండినచో ఏమని పలుకునో, ఏ మాటతో మొదలుపెట్టునో తెలుగుతెరపై ఇంకను వినబడవలసియున్నది.